బాత్రూము లైటుకూ ఎగ్జాస్ట్ ఫ్యానుకూ వేర్వేరు స్విచ్‌లు: వైరింగు విడదీసే పద్ధతి

మన అపార్ట్‌మెంట్లలో చాలా బాత్రూములకు తలుపు పక్కన బయట ఒకే స్విచ్ ఉంటుంది. దాన్ని వేస్తే లైటూ వెలుగుతుంది, ఎగ్జాస్ట్ ఫ్యానూ తిరుగుతుంది. కట్టినవారికి ఒక స్విచ్చూ కొన్ని మీటర్ల వైరూ మిగిలి ఉంటాయి గానీ, వాడేవారికి ఇది రెండు వైపులా ఇబ్బందే. అర్ధరాత్రి రెండు నిమిషాల పనికి లేచి వెళ్లినా ఫ్యాను హోరుకు పక్క గదిలో పసిపిల్ల ఉలిక్కిపడి లేస్తుంది. స్నానం ముగిశాక గోడల మీది ఆవిరి ఆరాలంటే ఫ్యాను ఇంకో పావుగంటో ఇరవై నిమిషాలో తిరగాలి, అంతసేపూ ఖాళీ గదిలో లైటు వెలుగుతూ ఉండాలి. అలా వెలుగుతున్న లైటును చూసి ఇంట్లో ఎవరో ఒకరు కట్టేయక మానరు, దానితో ఫ్యానూ ఆగిపోతుంది. వానాకాలం వెళ్లేసరికి సీలింగు మూలల్లో నల్లటి బూజు పడుతుంది.

ఈ రెంటినీ విడదీయడానికి అర్థం చేసుకోవలసిన సూత్రం ఒక్కటే. డీబీ (ఇంట్లోని లైన్లన్నిటికీ కరెంటు పంచే పెట్టె) లోని ఎంసీబీ (లోడు మించితే తనంతట తాను పడిపోయే స్విచ్) నుంచి వచ్చిన ఫేజు వైరు, అంటే కరెంటు తెచ్చే వైరు, స్విచ్ దాకా వచ్చి, స్విచ్ దాటి లైటుకు వెళుతుంది. న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరు మాత్రం స్విచ్‌తో పనిలేకుండా నేరుగా లైటుకు చేరుతుంది. ఫ్యానుకు వేరే స్విచ్ కావాలంటే వేరు చేయవలసింది స్విచ్ దాటిన తరువాతి ఫేజు వైరును మాత్రమే. న్యూట్రల్, ఎర్తు (లోపం వస్తే కరెంటును నేలలోకి పంపే రక్షణ వైరు) లైటుకూ ఫ్యానుకూ ఉమ్మడిగా ఉండవచ్చు, కానీ ఆ న్యూట్రల్ ఫేజుతో పాటు ఒకే ఎంసీబీ కింది సర్క్యూట్‌ది అయి తీరాలి. ఇప్పటివరకు నేను చూసిన తప్పుడు పనుల్లో ఎక్కువ భాగం న్యూట్రల్ గురించిన ఈ షరతును పక్కన పెట్టడం వల్ల జరిగినవే.

పని మొదలుపెట్టక ముందు ఎవరి హద్దు ఎక్కడిదాకానో తెలుసుకోవడం మంచిది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల ప్రకారం బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్ వంటివాటిని ఉన్నచోటే ఉన్న తీరున మార్చుకోవడానికి అభ్యంతరం లేదు. కొత్త వైరు లాగడం, పాయింటు కలపడం వంటి మార్పులు మాత్రం రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు గల కాంట్రాక్టరు ద్వారా, పర్మిట్ ఉన్న మనిషి చేత జరగాలి. కాబట్టి కింద రాసినదంతా మీరే స్క్రూడ్రైవరు పట్టుకోవాలని కాదు. ఎలక్ట్రీషియను వచ్చినప్పుడు ఏం చేయించాలో, చేసినది సరిగా ఉందో లేదో చూసుకోవడానికి ఇంటివారికి ఈ మాత్రం తెలిసి ఉండాలి.

కరెంటు ఆపడం

ఇన్వర్టరు ఉన్న ఇళ్లలో మెయిన్ స్విచ్ ఆపితే సరిపోతుందనుకోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. మెయిన్ ఆపగానే కరెంటు పోయిందనుకొని ఇన్వర్టరు మేలుకుంటుంది, లైట్లూ ఫ్యాన్లూ ఉన్న లైనుకు బ్యాటరీ నుంచి 230 వోల్టులు పంపడం మొదలుపెడుతుంది. బాత్రూము లైటు సాధారణంగా ఆ లైనులోనే ఉంటుంది. అందువల్ల మెయిన్‌ను ఆపి, ఇన్వర్టరు స్విచ్‌ను కూడా ఆపాలి. అపార్ట్‌మెంటు జనరేటరు లైను విడిగా వచ్చి ఉంటే దాని ఎంసీబీని కూడా దించాలి. ఆ తరువాత డీబీ తలుపు మీద ఒక కాగితం అంటించి, ఇంట్లో అందరికీ నోటితో కూడా చెప్పాలి. టీవీ ఆగిపోయిందని ఎవరైనా వచ్చి ఎంసీబీ పైకి లేపే ప్రమాదం ప్రతి ఇంట్లోనూ ఉంటుంది.

కరెంటు లేదని తేల్చుకోవడానికి నియాన్ బల్బున్న టెస్టరు ఒక్కదాన్నే నమ్మరాదు. పక్క వైర్ల ప్రభావం వల్ల చచ్చిన వైరు మీద కూడా అది మినుకుమినుకుమంటుంది. పొడి కాళ్లతో చెక్క నిచ్చెన మీద నిలబడి పట్టుకుంటే బతికున్న వైరు మీద కూడా వెలుగు కనబడనంత మసకగా ఉండవచ్చు. మల్టీమీటరును ఏసీ వోల్టేజి దగ్గర పెట్టి, కరెంటు ఆపకముందే ఏదైనా ప్లగ్గులో చూసి 230 వోల్టుల చుట్టుపక్కల చూపిస్తోందని రూఢి చేసుకోవాలి. ఆపిన తరువాత బాత్రూము బోర్డులో ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య, ఫేజుకూ ఎర్తుకూ మధ్య, న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య మూడుచోట్లా సున్నా వచ్చిందని చూసిన తరువాతే వేలు పెట్టాలి.

మీ ఇంట్లో ముడి ఎక్కడ ఉంది?

లైటూ ఫ్యానూ కలిసే ముడి రెండు చోట్లలో ఒకచోట ఉంటుంది. అది స్విచ్ బోర్డులోనైనా ఉండాలి, లైటు పాయింటు దగ్గరి జంక్షన్ బాక్సులోనైనా ఉండాలి. పని గంటలో ముగుస్తుందా, రోజంతా పడుతుందా అన్నది దీని మీదే ఆధారపడి ఉంటుంది గనుక, కూలి మాట్లాడుకోకముందే ప్లేటు విప్పి చూడాలి.

ప్లేటు విప్పి స్విచ్ వెనక్కి తిప్పితే రెండు స్క్రూలు కనిపిస్తాయి. ఒకదాని కింద ఫేజు వచ్చి ఉంటుంది. రెండోదాని కింద ఒకే వైరు ఉంటే ముడి పైన ఎక్కడో ఉందన్నమాట. రెండు వైర్లు ఒకే స్క్రూ కింద నలిగి ఉంటే మీ అదృష్టం పండినట్టే. వాటిలో ఒకటి లైటుకు, రెండోది ఫ్యానుకు వెళుతోంది. ఏది ఏదో తెలియాలంటే కరెంటు ఆపి ఉండగానే ఒక వైరును బయటికి తీసి, దాని కొనకు కనెక్టరు తొడిగి పక్కన పెట్టి, ప్లేటు మూసి, కరెంటు ఇచ్చి స్విచ్ వేయాలి. తిరిగినది ఫ్యాను అయితే స్విచ్‌లో మిగిలినది ఫ్యాను వైరు. ఇక చేయవలసింది పక్కన రెండో స్విచ్ పెట్టి, మొదటి స్విచ్‌లోని ఫేజు నుంచి చిన్న ఎర్ర వైరు ముక్కతో దానికి లూపు ఇచ్చి, తీసిన వైరును దాని రెండో స్క్రూకు బిగించడమే.

స్విచ్ పెట్టే చోటు గురించి ఒక మాట. మోడ్యులర్ బోర్డులో డమ్మీ బిగించిన ఖాళీ ఉంటే దాన్ని తీసి స్విచ్ పెట్టవచ్చు. ఒకే స్విచ్ ఉన్న బోర్డయితే, చాలా కంపెనీలలో ఒక మోడ్యూలుకూ రెండు మోడ్యూళ్లకూ గోడలోని బాక్సు ఒకటే గనుక, రెండు స్విచ్‌లు పట్టే ప్లేటు కొంటే గోడ పగలగొట్టనక్కరలేదు. రెండు నుంచి మూడుకు పెరగాలంటే మాత్రం బాక్సే మారుతుంది, చుట్టూ టైలు ఉంటే ఆ పని తలనొప్పి.

ముడి పైన ఉన్నప్పుడు

బోర్డులో ఒకే వైరు బయలుదేరి, పైన లైటు పాయింటు దగ్గర రెండుగా చీలినప్పుడు బోర్డు నుంచి అక్కడిదాకా ఇంకొక వైరు లాగక తప్పదు. ఇక్కడే పనివాళ్లకు ఒక అడ్డదారి తడుతుంది. ఆ పైపులో ఎలాగూ ఒక ఆకుపచ్చ వైరు పోతోంది, ప్లాస్టిక్ లైటుకు ఎర్తు ఎందుకు అని దాన్నే ఫ్యాను ఫేజుగా మార్చేస్తారు. దీనికి ఎట్టి పరిస్థితిలోనూ ఒప్పుకోరాదు. రేపు ఇంకొకరు వచ్చి ఆకుపచ్చ వైరు చూసి ఎర్తే అనుకొని ఏదైనా ఇనుప వస్తువు బాడీకి తగిలిస్తే, తడి నేల మీద నిలబడిన మనిషికి అదే ఆఖరి స్నానం కావచ్చు. అలాగే న్యూట్రల్ దొరకలేదని ఎర్తు వైరునే న్యూట్రల్‌గా వాడటమూ అంతే ప్రమాదం.

సరైన పద్ధతి ఏమిటంటే, ఉన్న స్విచ్ వైరును రెండు కొనలా విప్పి, దాని ఒక కొనకు రెండు కొత్త వైర్లను అంచెలంచెలుగా కట్టి, టేపు సన్నగా చుట్టి, రెండో కొన నుంచి నెమ్మదిగా లాగాలి. పాత వైరు బయటికి వచ్చేసరికి దాని దారిలోనే లైటుకొకటి, ఫ్యానుకొకటి రెండు వైర్లు లోపలికి వెళ్లి ఉంటాయి. ఇద్దరు మనుషులు ఉండాలి. ఒకరు లాగుతుంటే ఇంకొకరు మెలిక పడకుండా లోపలికి అందించాలి. కట్టిన చోటు లావుగా ఉంటే వంపు దగ్గర ఇరుక్కుంటుంది. ఇరుక్కున్నప్పుడు బలంగా గుంజితే ముడి తెగి, పాత వైరు సగం పైపులోనే ఉండిపోతుంది. ఒకసారి అలా తెగాక స్ప్రింగు (పైపులో వైరు లాగడానికి వాడే పొడవాటి తీగ) పంపి దారి వెతుక్కోవడానికి పూట గడిచిపోతుంది. స్లాబు పోసినప్పుడు పైపు నలిగి, సిమెంటు పాలు లోపలికి దిగి ఉంటే స్ప్రింగు కూడా పోదు. అప్పుడు పంతానికి పోకుండా గోడ మీద కేసింగ్ పట్టీలో కొత్త వైరు నడిపించడమే మేలు. చూడటానికి అంత బాగుండకపోవచ్చు గానీ, స్లాబు తొలచడం కంటే అదే తెలివైన పని.

వైరు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగిది, ఐఎస్ఐ గుర్తు ఉన్నది చాలు. ఇళ్లలో వాడే ఎగ్జాస్ట్ ఫ్యాను 30 నుంచి 40 వాట్ల దాకా తీసుకుంటుంది. 40 వాట్లంటే 230 వోల్టుల దగ్గర సుమారు 0.17 ఆంపియర్లు, 6 ఆంపియర్ల ఎంసీబీకి అది లెక్కలోకే రాదు. రంగుల విషయంలో మాత్రం ఖచ్చితంగా ఉండాలి. మన దేశంలో ఎరుపు, పసుపు, నీలం ఫేజు రంగులు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్తు. ఇంటర్నెట్‌లో అమెరికా వీడియోలు చూసి పని నేర్చుకుంటే అక్కడ నలుపే ఫేజు, తెలుపు న్యూట్రల్. బ్రిటన్‌లో ఇప్పుడు గోధుమ రంగు ఫేజు, నీలం న్యూట్రల్. ఆ అలవాటుతో ఇక్కడి బోర్డులో చేయి పెట్టడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు. కొత్తగా లాగే స్విచ్ వైరుకు ఎరుపో పసుపో వాడాలి, నలుపూ ఆకుపచ్చా వాడకూడదు.

పాత ఇళ్లలో అల్యూమినియం వైరు కనిపిస్తే దానికి రాగి వైరును మెలిపెట్టి టేపు చుట్టకూడదు. ఆ రెండు లోహాలూ కలిసినచోట తేమకు తుప్పు పట్టి, అతుకు వదులై, వేడెక్కుతుంది. అలాంటి ఇంట్లో ఆ ముక్క వరకైనా పూర్తిగా రాగికి మార్పించాలి.

న్యూట్రల్ కథ

మా ఇంట్లో జరిగినది చెబితే ఈ భాగం తేలిగ్గా అర్థమవుతుంది. ఫ్యానుకు వేరే స్విచ్ కావాలని పిలిపిస్తే, వచ్చిన ఎలక్ట్రీషియను ఫేజును లైటు స్విచ్ నుంచి లూపు చేశాడు, అది సబబే. న్యూట్రల్ మాత్రం లైటు పాయింటు దాకా వెళ్లడానికి బద్ధకించి, దగ్గరలో ఉందని గీజరు పాయింటు నుంచి తీసుకున్నాడు. ఫ్యాను స్విచ్ వేసీవేయగానే గీజరు లైనులో ఉన్న ఆర్‌సీసీబీ (కరెంటు నేలలోకి కారితే లైనును కట్ చేసే రక్షణ స్విచ్) టక్కుమని పడిపోయింది. గీజరు పాడైందన్నాడు. గీజరు విప్పించి చూస్తే దానిలో ఏ లోపమూ లేదు.

కారణం సులభమైనది. ఆర్‌సీసీబీ తన ఫేజు గుండా వెళ్లిన కరెంటూ తన న్యూట్రల్ గుండా తిరిగి వచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా అని మాత్రమే చూస్తుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లు దాటితే ఎక్కడో మనిషి ద్వారానో తడి గోడ ద్వారానో కరెంటు నేలలోకి పోతోందని భావించి కట్ చేస్తుంది. మా ఫ్యాను లైటు సర్క్యూట్ నుంచి కరెంటు తీసుకొని గీజరు న్యూట్రల్‌లోకి వదులుతోంది. ఆ 170 మిల్లీ ఆంపియర్లు గీజరు ఆర్‌సీసీబీకి ఎక్కడినుంచో ఊడిపడినట్టు కనిపించాయి. దాని పని అది సరిగానే చేసింది.

పడిపోవడం కేవలం చిరాకు, అసలు ప్రమాదం ఆర్‌సీసీబీ లేని ఇళ్లలో ఉంది. అక్కడ ఈ తప్పు బయటపడదు, ఫ్యాను నిక్షేపంగా తిరుగుతుంది. రేపు గీజరు బాగు చేయడానికి వచ్చినవాడు గీజరు లైనును ఆపేసి, కరెంటు లేదనే ధీమాతో ఆ న్యూట్రల్ విప్పుతాడు. ఫ్యాను స్విచ్ వేసి ఉంటే విప్పిన కొన మీదికి ఫ్యాను చుట్టల గుండా 230 వోల్టులు వచ్చి నిలబడతాయి. నల్ల వైరే కదా అని ముట్టుకున్నవాడికి షాక్ తప్పదు.

మూడు ఫేజుల కనెక్షను ఉన్న ఇళ్లలో ఇదే జాగ్రత్త ఫేజుకూ వర్తిస్తుంది. లైటుది ఒక ఫేజు, పక్కనున్న గీజరుది ఇంకొక ఫేజు అయితే ఆ రెంటి మధ్య సుమారు 400 వోల్టులు ఉంటాయి. కొత్త స్విచ్‌కు లూపు ఎప్పుడూ లైటు స్విచ్ ఫేజు నుంచే తీసుకోవాలి గానీ, బోర్డులో అందుబాటులో ఉన్న ఏదో ఒక ఎర్ర వైరు నుంచి తీసుకోరాదు.

ఫ్యాను దగ్గరి పని

ఫ్యాను వెంటిలేటరులో ఉంటుంది కాబట్టి వాన జల్లు బయటినుంచీ, ఆవిరి లోపలినుంచీ తగులుతూ ఉంటాయి. అక్కడ మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు నాలుగు నెలలు కూడా నిలవదు. టేపు జిగురు జారి, లోపల రాగి ఆకుపచ్చగా మారిన అతుకులను నేను చేతులతో విప్పాను. మూత ఉన్న చిన్న బాక్సులో స్క్రూ కనెక్టరు పెట్టి, వైరు కొనలను పది మిల్లీమీటర్ల మేర ఒలిచి, పోగులు తెగకుండా మెలిపెట్టి బిగించాలి. బిగించిన తరువాత ఒక్కొక్క వైరును వేలితో లాగి చూడాలి. ఫ్యానులోకి వెళ్లే వైరును కిందికి కొంచెం వేలాడేలా వదిలి, తిరిగి పైకి తీసుకెళితే దాని మీద చేరిన నీటిబొట్టు ఆ వంపు దగ్గర జారి పడిపోతుంది, మోటారులోకి పాకదు. ఇనుప బాడీ ఉన్న ఫ్యానుకు ఎర్తు తప్పనిసరి. ప్లాస్టిక్ ఫ్యాను పెట్టినా, రేపు ఇనుపది రావచ్చు గనుక ఆకుపచ్చ వైరును ఆ బాక్సు దాకా తెచ్చి ఉంచాలి. ప్లగ్గు పెట్టి ఫ్యాను తగిలించాలనుకుంటే ఆ సాకెట్టు షవరు జల్లుకు అందనంత ఎత్తులో, దూరంగా ఉండాలి. నా మటుకు నేను సాకెట్టు లేకుండా బాక్సులో నేరుగా కలపడాన్నే ఇష్టపడతాను.

స్విచ్ కట్టేయడం మరిచిపోయే ఇంట్లో టైమరు పెట్టించుకోవచ్చు. లైటు ఆర్పిన తరువాత కొన్ని నిమిషాలు ఆగి తనంతట తాను ఆగిపోయే రకానికి ఫ్యాను దగ్గరికి మూడు వైర్లు కావాలి. ఎప్పుడూ ఉండే ఫేజు ఒకటి, లైటు స్విచ్ దాటి వచ్చిన ఫేజు ఒకటి, న్యూట్రల్ ఒకటి. వైరు లాగే రోజునే ఈ సంగతి తేల్చుకుంటే రెండోసారి పైపులో చేయి పెట్టనక్కరలేదు.

బాత్రూములో గ్యాస్ గీజరు ఉన్నవారు కొందరు, స్నానం చేసేంతసేపూ ఫ్యాను తిరగాలని కావాలనే లైటుతో కలిపించుకుంటారు. గ్యాస్ గీజరు వదిలే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు. ఎగ్జాస్ట్ ఫ్యానును దానికి విరుగుడుగా నమ్ముకోవడం తగదు. ముందు గీజరును బయటి గాలి ధారాళంగా ఆడే చోటికి మార్పించి, ఆ తరువాతే స్విచ్‌ల సంగతి చూసుకోవాలి.

కరెంటు ఇచ్చి చూడటం

ప్లేటు బిగించకముందు, కరెంటు ఇవ్వకముందు మల్టీమీటరును కంటిన్యూటీలో (రెండు కొనలు ఎక్కడైనా కలిసి ఉంటే బీప్ మోగే చోట) పెట్టి, స్విచ్‌లు రెండూ ఆపి ఉండగా లైటు వైరుకూ ఫ్యాను వైరుకూ మధ్య బల్బు తీసేసి చూడాలి. ఫ్యాను కనెక్షను కూడా విప్పి ఉంటే బీప్ రాకూడదు. వస్తే పైన ఎక్కడో పాత ముడి ఇంకా మిగిలి ఉన్నట్టే. తరువాత బల్బు పెట్టి, ఫ్యాను కలిపి, ప్లేటు మూసి, కరెంటు ఇచ్చి లైటు ఒక్కటే, ఫ్యాను ఒక్కటే, రెండూ కలిపి మూడు విధాలా వేయాలి. ఫ్యాను తిరుగుతుండగా గీజరు వేసి చూడాలి. ఆర్‌సీసీబీ ఉంటే అది నిలబడిందో లేదో గమనించి, దాని మీది టెస్ట్ బటను నొక్కితే పడుతోందో లేదో కూడా చూడాలి. ఫ్యాను స్విచ్ ఆపి ఉన్నప్పుడు కనెక్టరు దగ్గర ఫేజు వైరుకూ ఎర్తుకూ మధ్య వోల్టేజి కొలిస్తే సున్నాకు దగ్గరగా ఉండాలి. 230 చూపిస్తే స్విచ్ న్యూట్రల్‌ను తెంచుతోంది గానీ ఫేజును కాదు, దాన్ని సరిచేయించిన తరువాతే డబ్బు ఇవ్వాలి. ఈ కొలత కరెంటు ఉండగా నిచ్చెన మీద చేసేది గనుక ఎలక్ట్రీషియను చేతనే చేయించి, మీరు మీటరులోని అంకె చూడండి.

స్విచ్‌లలో తలుపుకు దగ్గరగా ఉన్నదాన్ని లైటుకు ఉంచడం మంచిది, చీకట్లో చేయి మొదట అటే వెళుతుంది. ఆ సాయంత్రమే ఒక కాగితం మీద ఏ ఎంసీబీ నుంచి ఫేజు వచ్చింది, న్యూట్రల్ ఎక్కడ కలిసింది, పైపు ఏ గోడలో ఎటు తిరిగింది గీసి, తేదీ వేసి, డీబీ తలుపు లోపలివైపు అంటించండి.